మొగిలి ఘాట్‌లో పట్టేసిన ఇంజను

నా ఉద్యోగంలో నా లెక్క తప్పిన సందర్భాలు నాకు తెలిసి నాలుగు. మూడింటిని నేనే కనిపెట్టి, నేనే దిద్దుకున్నాను. వాటివల్ల ఎవరికీ నష్టం కలగలేదు. నాలుగోదాన్ని కనిపెట్టింది మరొకరు. దానివల్ల పోబోయింది కూడా నాది కాదు, ఇంకొక మనిషి పేరు. లారీ షెడ్లలో కొత్తగా చేరిన పిల్లలు నోటుబుక్కు పట్టుకుని ఉత్సాహంగా తిరుగుతుంటే చూసినప్పుడల్లా వాళ్ళను ఆపి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. ఆపితే వినరు కాబట్టి రాస్తున్నాను.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. సగటు, శాతం, నిష్పత్తి పాత లెక్కల పుస్తకాలు చూసి నాకు నేనే నేర్చుకున్నవి. ఎనభైల మొదట్లో చిత్తూరులో ఒక లారీ షెడ్డులో రైటరుగా, అంటే లెక్కలు రాసే గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఏడు లారీలు. యజమానిని మా వైపు అలవాటు ప్రకారం అందరం ముదలాళి అనేవాళ్ళం. బండ్లన్నీ బెల్లం ఎత్తుకుని బెంగుళూరు పోయేవి. బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్ వస్తుంది. నిండు లోడుతో, చిన్న గేరులో, మనిషి నడకకన్నా కాస్త వేగంగా ఆ ఎత్తంతా ఎక్కి పలమనేరు చేరాలి. రేడియేటర్‌కు గాలి తగిలేంత వేగం ఉండదు. ఇంజను మాత్రం ఉన్న శక్తంతా పెట్టి లాగుతుంటుంది. ఏ చిన్న లోపమున్నా అక్కడ బయటపడేది.

బండి బయల్దేరే ముందు చూడవలసినవి ఐదు. నీళ్ళు మూతికి రెండు వేళ్ళ కిందిదాకా ఉండాలి. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, అంతకు మించకూడదు. రబ్బరు గొట్టాలు మెత్తబడి ఉండకూడదు. మూతలోని రబ్బరు చిట్లి ఉండకూడదు. రేడియేటర్ ముందు పురుగులో, గోనెపీచో అడ్డుపడి ఉండకూడదు. ఇవన్నీ డ్రైవర్లు చూసుకునేవాళ్ళు. నేను నా గదిలో కూర్చుని, వాళ్ళు బయటినుంచి కేకేసి చెప్పింది రాసుకునేవాణ్ణి. ఎన్ని డబ్బాల నీళ్ళు పోశారన్నది నాకు ముఖ్యమైన గడి. డబ్బా అంటే ఐదు లీటర్లు.

ఇంజనులోంచి నీళ్ళు రేడియేటర్‌కు పోయే దారిలో థర్మోస్టాట్ అని ఒక చిన్న పరికరం ఉంటుంది. నీళ్ళు చల్లగా ఉన్నంతసేపు ఆ దారి మూసి ఉంచుతుంది, కాగాక తెరుస్తుంది. ఒక చలికాలం మా పాత బండి ఒకదానిలో అది తెరుచుకోకుండా బిగుసుకుపోయింది. ఫిట్టరు దాన్ని తీసి పక్కన పెట్టి, అది లేకుండానే బండిని పంపాడు. బండి బాగానే తిరిగింది. దాంతో నా బుర్ర ఊరుకోలేదు. ఇంకో పాత బండిలోనూ తీయించి రెండు నెలలు లెక్క రాశాను. థర్మోస్టాట్ ఉన్న బండ్లు ట్రిప్పుకు సగటున మూడు డబ్బాల నీళ్ళు తాగితే, లేనివి రెండే తాగాయి. స్కేలుతో గీతలు గీసి, పట్టిక వేసి ముదలాళికి చూపించాను.

ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. "ఏమప్పా, బండి చేసినోళ్ళకు తెలీనిది నీకు తెలిసిందే! అన్నిట్లోనూ పీకించెయ్" అన్నాడు.

మిగిలిన ఐదు బండ్లలోనూ పీకించాం. వాటిలో చివరిది ఆ ఏడాదే కొన్న కొత్త రకం లారీ. చలి ఉన్నన్నాళ్ళు అదీ బాగానే తిరిగింది. ఫిట్టరు నన్ను "ఇంజనీరుసామీ" అని పిలవడం మొదలుపెట్టాడు. వేళాకోళమని తెలిసీ నేను పలికేవాణ్ణి.

కొత్త లారీని తోలే డ్రైవరు నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను చూసిన డ్రైవర్లలో అంత పద్ధతైన మనిషి లేడు. బయల్దేరే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచేవాడు. టైర్లను కాలితో తన్నేవాడు కాదు, వంగి చేత్తో తడిమేవాడు. అద్దం తుడిచిన గుడ్డను ఉతికి ఆరేసి మరీ మడిచిపెట్టేవాడు. మాట తక్కువ. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో బండికి ఒక్క గీత పడలేదని మిగతా డ్రైవర్లు చెప్పేవాళ్ళు, కొంచెం కడుపుమంటతోనే.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆయన వేరే కంపెనీ లారీ ఎక్కి షెడ్డుకు వచ్చాడు. ముంజేతికి తువ్వాలు చుట్టి ఉంది. ముదలాళి ముందు నిలబడి, "ఇంజను పట్టేసింది. బండి మొగిలి ఘాట్‌లో ఉండాది" అన్నాడు.

ఇంజను పట్టేయడమంటే వేడికి పిస్టన్లు ఉబ్బి, లోపలే బిగుసుకుపోవడం. లారీకి అంతకన్నా పెద్ద జబ్బు లేదు.

"నీళ్ళు సూసినావా?" అన్నాడు ముదలాళి.

"సూసినా. నిండుగా ఉన్నెయ్."

"నీళ్ళుంటే ఇంజను ఎట్ట పట్టేస్తాదప్పా? నీళ్ళే మంట పెట్టినాయా?"

"అదే నాకూ తెలీలా. ఎక్కేటప్పుడు మూడు తూర్లు కాగింది. రెండు తూర్లు నిలిపి, ఆరినంక తగ్గినకాడికి నీళ్ళు పోసినా. మూడో తూరి మలుపులో వేడి సూపే ముల్లు పైకి లేసింది. ఎనక బస్సు, పక్కన లోయ. నిలిపే సోటు ల్యా. సోటు దొరికేలోగా పట్టేసింది."

"సెయ్యికేమైంది?"

"మొదటి తూరి తొందరపడి మూత తీసినా."

క్లీనరు ఆ వారం పెళ్ళికని సెలవు పెట్టాడు. అందువల్ల ఆయన చెప్పింది నిజమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మర్నాడు బండిని కట్టి లాక్కొచ్చి చూస్తే రేడియేటర్‌లో రెండు డబ్బాల నీళ్ళు తక్కువ ఉన్నాయి. ముదలాళి నన్ను కేకేశాడు.

"రైటరూ, బయల్దేరేటప్పుడు ఈయప్ప ఎన్ని డబ్బాలు పోసినాడో సూడు."

నోటుబుక్కు తీశాను. ఆ గడిలో సున్నా ఉంది. "సున్నా" అని చదివాను.

అది నిజమే. కానీ నా పుస్తకంలో సున్నాకు రెండు అర్థాలుండేవి. నీళ్ళు నిండుగా ఉండి పోయక్కర్లేకపోయినా సున్నా వేసేవాణ్ణి. డ్రైవరు ఏ కేకా వేయకుండా వెళ్ళిపోయినా సున్నాయే వేసేవాణ్ణి. ఆ రోజు సున్నా ఏ రకమో నాకు గుర్తులేదు. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్తే నా పుస్తకం విలువ తగ్గుతుందని చెప్పలేదు. డ్రైవరు నావైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు, ఇంకేమైనా చెప్తానేమోనన్నట్టు.

ముదలాళి అందరి ముందూ అన్నాడు: "నీళ్ళు సూడకుండా బండి తోలి ఇంజను కాల్చినాడు. బండి బాగుకానీ, ఆమైన సెప్తా ఇతని సంగతి."

ఆ మాట విలువ ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. అప్పట్లో బెంగుళూరు రోడ్డు మీద ఒక డ్రైవరు గురించి 'ఇంజను కాల్చినోడు' అని పాకితే ఇంకెవరూ బండి ఇచ్చేవాళ్ళు కాదు. ఉత్తరాలు, సర్టిఫికెట్లు ఏమీ అక్కర్లేదు. టీ అంగళ్ళు చాలు. మూడు రోజుల్లో ఆ మాట కోలారు దాటిందని మా డ్రైవర్లే వచ్చి చెప్పారు.

ఇంజను విప్పి బాగుచేయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ డ్రైవరు రోజూ పొద్దున వచ్చి గేటు దగ్గర బెంచీ మీద కూర్చునేవాడు. రావద్దని ఎవరూ అనలేదు, పని ఎవరూ చెప్పలేదు. పక్కనే నీళ్ళ కుండ. ఒక కుర్ర డ్రైవరు గ్లాసు ముంచి ఇస్తూ, "తాగన్నా, నువ్వన్నా తాగు. బండికి ఎట్టా పొయ్యలా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన గ్లాసు తీసుకుని తాగి, కడిగి, కుండ మీద బోర్లించాడు. నా కిటికీలోంచి చూస్తే ఆ బెంచీ ఎదురుగానే కనిపించేది. నేను కుర్చీని అటు తిప్పి వేసుకున్నాను.

బాగైన బండిని వేరే డ్రైవరుకు ఇచ్చి పంపారు. ఘాట్ సగం ఎక్కేసరికి మళ్ళీ కాగింది. ఈ డ్రైవరు భయపడి వెనక్కి తిప్పుకొచ్చేశాడు. నీళ్ళు చూస్తే దాదాపు నిండుగానే ఉన్నాయి. డ్రైవరు చెప్పింది నిజమేనేమోనని నాకు అప్పుడు మొదటిసారి అనిపించింది. ముదలాళి మాత్రం, "ముందుటోడు రేడియేటర్‌ను సర్వనాశనం చేసినాడు. లోపల అడ్డుకోని ఉంటాది. మేస్త్రి కాడికి తీస్కపోయి రాడ్డు కొట్టించుకోని రా" అని నన్ను పంపాడు. రాడ్డు కొట్టడమంటే రేడియేటర్ పైతొట్టి విప్పి, లోపలి సన్నని గొట్టాల్లోకి పలచటి కమ్మీ దూర్చి పేరుకున్న సున్నం రాల్చడం.

రేడియేటర్ మేస్త్రి దుకాణం బెంగుళూరు రోడ్డు పక్కన నాలుగు గుంజల మీద వేసిన రేకు. గుడియాత్తం వైపునుంచి వచ్చి స్థిరపడిన మనిషి, అరవై దాటాయి. టంకం వేసీవేసీ వేళ్ళ కొసల్లో చర్మం మొద్దుబారిపోయింది. రేడియేటర్‌ను బండినుంచి దింపించి, కింది గొట్టం మూతిని అరచేత్తో మూసి, పైనుంచి నీళ్ళు నింపమన్నాడు. నిండాక చెయ్యి తీశాడు. నీళ్ళు మోకు లావున దూకాయి. ఆయన "గోవిందా, గోవిందా" అని ఒకే తీరున లెక్కపెట్టుకుంటున్నాడు. తొమ్మిదో గోవిందకు రేడియేటర్ ఖాళీ. నా గడియారంలో పదకొండు సెకన్లు.

"పన్నెండు గోవిందలు దాటితేనే అడ్డం ఉన్నట్టు. దీంట్లో ఏమీ ల్యా. ఎత్తకపో" అన్నాడు.

"ముదలాళి రాడ్డు కొట్టించమన్నారు మేస్త్రీ."

"బాగుండే మనిషికి ఆపరేషన్ జేస్తారా? నేను జెయ్యను. జేసినానని చెప్పి పంపేది గూడా నాకు చేతగాదు." కాసేపు ఆలోచించాడు. "రేపు బండికి లోడెత్తించు. నేనూ వస్తా. ఎప్పుడూ తోలే మనిషే తోలల్ల. ఆయప్ప లేకుంటే నేను రాను."

మేస్త్రి మాటంటే ముదలాళికీ గౌరవమే. సరేనన్నాడు.

పలమనేరులో పాలు చల్లబరిచే కేంద్రంలో నాకు తెలిసినవాడు ఒకడుండేవాడు. పాల వేడి చూసే పొడవాటి థర్మామీటరును నేను అంతకుముందే అతని దగ్గర అడిగి తెచ్చిపెట్టుకున్నాను. దాన్ని గుడ్డలో చుట్టుకుని క్యాబిన్‌లో మధ్యన కూర్చున్నాను. మేస్త్రి కిటికీ పక్కన. అంతకుముందు డ్రైవరు బండి చుట్టూ నడిచి, టైర్లు తడిమి, మూత తీసి నన్ను పిలిచి చూపించాడు. నీళ్ళు రెండు వేళ్ళ కింద ఉన్నాయి. నోటుబుక్కులో సున్నా వేసి, పక్కన 'నిండుగా' అని రాశాను.

ఘాట్ సగానికి వచ్చేసరికి ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది. డ్రైవరు కాస్త చోటు చూసి నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టాడు. ఇంజను ఆపవద్దని మేస్త్రి సైగ చేశాడు. దిగి, పైనున్న మూత జోలికే పోకుండా, వంగి రేడియేటర్ కిందినుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు. అలాగే ఉంచాడు.

"రా అబ్బా, సెయ్యి పెట్టు."

పెట్టాను. స్నానానికి తోడిన నీళ్ళంత వేడి, అంతే.

"పైన ఇంజను కాగతా ఉండాది. కింద ఇట్టుండాది. ఏమని అర్థం?"

"రేడియేటర్ బాగా చల్లారుస్తా ఉండాదని" అన్నాను.

డ్రైవరు నవ్వాడు. మూడు వారాల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

"బాగా సల్లారిస్తే ఇంజను ఎందుకు కాగతాది?" అన్నాడు మేస్త్రి. "నీళ్ళు ఈడికి సరిగ్గా రావడమే ల్యా. వచ్చే నాలుగు సుక్కలూ నిదానంగా వచ్చి సల్లబడి పోతా ఉండాయి. తక్కినవి యాడికి పోతా ఉండాయి?"

నేను థర్మామీటరు తీశాను. కింది కుళాయి తిప్పి మగ్గులో పట్టి చూస్తే నలభై నాలుగు. ఇంజను నెమ్మదించాక డ్రైవరు తడి గోనె కప్పి, మూతను కొంచెం కొంచెంగా తిప్పి తీశాడు. పైన తొంభై ఆరు. మామూలుగా ఈ రెండింటికీ పది డిగ్రీలకు మించి తేడా ఉండకూడదట. మేస్త్రి అరచేతికి ఆ సంగతి ముందే తెలుసు. నా అంకెలు ఆయన చెప్పిందానికి సాక్ష్యం మాత్రమే పలికాయి.

"ఈ ఇంజన్లోంచి ఏదన్నా సామాను తీసినారా?" అని అడిగాడు.

నాకు షెడ్డులోని బిస్కెట్ల డబ్బా కళ్ళముందు కనిపించింది. తీసిన ఏడు థర్మోస్టాట్‌లనూ నేను తూకం వేసి, బండి నంబరు చీటీ కట్టి అందులో పెట్టాను. ఆరింటి బరువు ఒకటే. కొత్త బండిది ఎక్కువ. ఆ తేడాను గ్రాములతో సహా రాసిపెట్టాను. ఎందుకు ఎక్కువ అని మాత్రం ఎవరినీ అడగలేదు.

"థర్మోస్టాట్ తీసినాం మేస్త్రీ. నేనే తీయించినా" అన్నాను.

డ్రైవరు మూత బిగిస్తున్నాడు. బిగించి, గోనె పిండి, బానెట్ మూశాడు. తిట్టి ఉంటే నాకు సులభంగా ఉండేది.

షెడ్డుకు తిరిగొచ్చి డబ్బా తెరిచాం. మేస్త్రి రెండు రకాలనూ రెండు చేతుల్లో పట్టుకుని చూపించాడు. పాత బండ్ల థర్మోస్టాట్‌కు ఒకటే మూత. కొత్తదానికి కిందివైపు ఇంకో రేకు ఉంది. ఆ కొత్త ఇంజనులో నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా ఇంజను చుట్టే తిరిగే పక్కదారి ఒకటుంది, చలిలో ఇంజను త్వరగా వేడెక్కడానికి. నీళ్ళు కాగాక ఆ పక్కదారిని మూసేది ఈ కింది రేకే. మేం దాన్ని పీకేయడంతో పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంది. కాగిన నీళ్ళు దగ్గరి దారి చూసుకుని మళ్ళీ ఇంజనులోకే పోతున్నాయి. రేడియేటర్ నిండా నీళ్ళున్నా అవి అక్కరకు రావు. చలికాలం ఆ లోపాన్ని దాచిపెట్టింది. పాత బండ్ల లెక్కను తీసుకెళ్ళి కొత్త బండికి అంటగట్టినవాణ్ణి నేను.

థర్మోస్టాట్ బిగించి, ఆ సాయంత్రమే మళ్ళీ అదే లోడుతో ఎక్కాం. అదే చోట నిలిపి చూస్తే పైన ఎనభై నాలుగు, కింద డెబ్బై ఐదు. మళ్ళీ ఎక్కడా ఆగకుండా పలమనేరు చేరాం. తిరుగు దారిలో మేస్త్రి నావైపు వంగి చెప్పాడు.

"ముదలాళికి నేను సెప్తాలే. కొత్త రకం బండిలో ఏదో లోపం ఉండె, సరిజేసినానని. నీ పనీ పోదు, ఈయప్ప పనీ పోదు. నువ్వు గమ్మునుండు."

మంచి మనసుతోనే అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు డ్రైవరు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అన్నాడు: "నా పని వస్తాది మేస్త్రీ. పేరు?"

అక్కడినుంచి చిత్తూరు చేరేలోగా నేను వేసుకున్న లెక్క సులభమైనదే. బండిలో లోపమంటే ముదలాళి సగం నమ్ముతాడు. రోడ్డు అసలు నమ్మదు. డ్రైవరు కాల్చినదాన్ని ఎవరో కప్పిపుచ్చారంటుంది.

మర్నాడు పొద్దున డ్రైవర్లందరూ షెడ్డులో ఉన్నప్పుడే ముదలాళి దగ్గరికి వెళ్ళాను. డబ్బా ఆయన ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. సున్నాకు రెండు అర్థాలున్న సంగతీ చెప్పాను. కుర్ర డ్రైవరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ముదలాళి ముఖం ఎర్రబడింది.

"అంటే నీ పట్టిక సూసి నా బండి నేనే కాల్చుకున్న్యానా!" అని గట్టిగా అరిచాడు. ఆయనను నేను మెచ్చుకునేది ఆ తర్వాత చేసిన పనికి. అరవడం ఆపి, కాసేపు గడ్డం గీరుకుని, డ్రైవరు వైపు తిరిగాడు. "మాట పడినోడివి నువ్వు. నేనూ తొందరపడి నోరు జారినా. ఈ రైటర్ని ఏం జేసేది? నువ్వే సెప్పు. పంపించెయ్‌మంటే ఇప్పుడే పంపిస్తా."

నాకు ఇద్దరు పిల్లలు. ఆ సంగతి డ్రైవరుకూ తెలుసు.

డ్రైవరు ముదలాళి వైపు చూశాడు. "ఉండనీండి. ఈయప్ప పోతే ఇంకో రైటరు వస్తాడు. ఆయప్పా ఒకతూరి ఇదే తప్పు జేసి నేర్చుకోవల్ల" అన్నాడు. "కానీ ఈ ట్రిప్పు నాతో బెంగుళూరు దాకా రానీండి."

ఎందుకని ముదలాళి అడగలేదు. బండి వేడి చూడటానికే అనుకుని నేను థర్మామీటరు, నోటుబుక్కు సంచిలో పెట్టుకున్నాను. ఘాట్ ఎక్కేటప్పుడు నాలుగుచోట్ల అంకెలు రాశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పలమనేరులో ఆయన టీ అంగడి ముందు బండి నిలిపాడు. బెంచీల మీద వేరే కంపెనీల డ్రైవర్లు నలుగురు కూర్చుని ఉన్నారు. ఆయనను చూసి మాటలు ఆపేశారు. ఒకడు పక్కవాడి మోకాలు తట్టాడు.

ఆయన రెండు టీలు చెప్పి, నన్ను భుజం పట్టి ముందుకు తెచ్చాడు. "ఈయప్ప మా రైటరు. మీకేదో సెప్పల్లంట."

అప్పుడు అర్థమైంది, నన్ను ఎందుకు తెచ్చాడో. చెప్పాను. నా పట్టిక, ఏడో థర్మోస్టాట్, నా సున్నా, అన్నీ చెప్పాను. ఆ ఇంజను పోయింది ఈయన వల్ల కాదు, నా వల్ల అన్నాను. మోకాలు తట్టినవాడు లేచి, డ్రైవరుకు బెంచీ మీద చోటిచ్చాడు. ఇంకొకడు నావైపు చూసి, "పెన్నుతో ఇంజను కాల్చినోణ్ణి ఇప్పుడే సూస్తా ఉండానబ్బా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నా గ్లాసు నాకు అందించాడు.

"తాగప్పా, ఆరిపోతాది. గొంతు సరిజేసుకో. ముళబాగిల్లో ఆరుమంది ఉంటారు, కోలారులో తొమ్మిదిమంది. బెంగుళూరులో ఎంతమందో ఆడికి పోయినంక లెక్కబెట్టుకుందాం."